వార్షిక నివేదిక: బోనాల నుంచి దీపావళి దాకా

మైటోకాండ్రియా (కణాల్లో శక్తిని తయారుచేసే భాగాలు) జబ్బున్న కుటుంబాల సంఘం సభ్యులందరికీ నమస్కారం.

చిన్న విషయాలు ముందు. సమావేశాలు తార్నాకలో నెలనెలా జరిగాయి. ఫిజియోథెరపీ శిబిరం వాన వల్ల సగంలో ఆగింది. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

ఈ ఏడాది మన శ్రమంతా ఒక్క కాగితం మీదే పెట్టాం. జ్వరం వస్తే క్యాజువాలిటీలో చూపించే ఎమర్జెన్సీ లెటర్ అది, ఏం ఇవ్వాలో ఏం ఇవ్వకూడదో మన డాక్టరు రాసిచ్చేది. హైదరాబాద్‌లో బోనాల నుంచి దీపావళి దాకా వైరల్ జ్వరాలు, డెంగీ తప్పవు. మైటోకాండ్రియా జబ్బున్న ఇంట్లో అవి మామూలు జ్వరాలు కావు. జ్వరంలో ఒంటికి శక్తి ఎక్కువ కావాలి, అప్పుడే తిండి సయించదు. మైటోకాండ్రియా చేయలేని పనిని కణం వేరే దారిలో లాక్కొస్తుంటే రక్తంలో లాక్టేట్ అనే పదార్థం పేరుకుంటుంది. ఆయాసం, మగత, వాంతులు, ఫిట్స్ రావచ్చు. మెదడును దెబ్బతీసే మైటోకాండ్రియా జబ్బు లీ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో నిన్నటిదాకా కూర్చున్న బిడ్డ ఒక్క జ్వరంతో మెడ నిలపలేకపోవచ్చు. ఒళ్లు చల్లబడ్డాక కూడా కొన్నాళ్లు కనిపెట్టుకుని ఉండాలి.

"లంఖణం పరమౌషధం" అని మా అత్తమ్మ ఇప్పటికీ అంటారు. ఆ సామెత మన ఇళ్లలో చెల్లదు. ఖాళీ కడుపే మనకు పెద్ద ప్రమాదం.

పోయిన వానాకాలం మా బాబును ఒక ఆస్పత్రికి తీసుకెళ్తే, "వైరలే కదమ్మా, ఇంత టెన్షన్ దేనికి?" అన్నారు. లాక్టేట్ కలిసిన సెలైన్, రింగర్ లాక్టేట్ బాటిల్ తగిలించబోతుంటే వద్దని నేనే చెప్పాల్సి వచ్చింది. కోపం వచ్చింది కానీ, సుమారు 5,000 మందిలో ఒకరికి వచ్చే జబ్బు డ్యూటీ డాక్టరుకు గుర్తుండాలంటే ఎట్లా? అందుకే కాగితం.

ఒకరి లెటర్‌ను ఇంకొకరు జిరాక్స్ తీసుకోవద్దు. చాలామందికి డెక్స్ట్రోజ్ (గ్లూకోజు) సెలైన్ త్వరగా ఎక్కించడం మేలు. పైరువేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు మాత్రం అదే గ్లూకోజు లాక్టేట్‌ను పెంచుతుంది. పీఓఎల్‌జీ జన్యువులో లోపముంటే ఫిట్స్‌కు ఇచ్చే వాల్‌ప్రోయేట్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మైటోకాండ్రియా డీఎన్‌ఏలో 1555వ స్థానం దగ్గర మార్పున్నవాళ్లకు జెంటామైసిన్, అమికాసిన్ అనే యాంటీబయాటిక్ మందులతో చెవుడు రావచ్చు. మైటోకాండ్రియా పూర్వీకులు బ్యాక్టీరియానే కాబట్టి, దాన్ని కొట్టే మందు కొన్నిసార్లు వీటికీ తగులుతుంది. అయినా ప్రాణం మీదికొచ్చినప్పుడు ఏ మందన్నది డాక్టర్ల నిర్ణయమే, మన మొండితనం పనికిరాదు.

టీకాల మీద ఈసారి గట్టిగానే వాదించుకున్నాం. టీకా జ్వరానికి భయపడి మానేసినవాళ్లున్నారు. అసలు జబ్బుతో వచ్చే జ్వరం అంతకంటే పెద్దది. ఫ్లూ టీకా ఇంట్లో అందరూ వేయించుకోవాలన్నది కమిటీ మాట. టీకా వేసిన రోజు పిల్లలను పస్తు ఉంచొద్దు.

సెలైన్ లెక్క బరువును బట్టి ఉంటుంది. పిల్లలు పెరిగారు. పాత లెటర్లు ఉన్నవాళ్లు ఆషాఢానికి ముందే మీ డాక్టరు దగ్గర తిరిగి రాయించుకోండి. లామినేషన్ ఖర్చు సంఘానిదే.

ఇట్లు,
కార్యదర్శి