గీత అందరికీ ఒక్కటేనా?

ఆటలో శిక్షలైనా, కొత్త రాష్ట్రాల డిమాండ్లైనా నియమాన్ని బట్టి కాక ఒత్తిడిని బట్టి తేలడం మన పాత జబ్బు. మొన్న సంక్రాంతికి మా కోనసీమ ఊళ్లో కబడ్డీ పోటీల్లో, గీత దాటలేదని అంపైరుతో వాదించిన కొబ్బరి దింపు కార్మికుడి కొడుకును రెండేళ్లు ఆడకూడదన్నారు. ఆ తర్వాతి మ్యాచ్‌లోనే నిర్వాహకుల బంధువు అంపైరు చొక్కా పట్టుకున్నాడు. మందలింపు కూడా లేదు. తాడు తెగి ఇసుకలో పడిన విజిల్‌ను అంపైరే వంగి వెతుక్కున్నాడు. పెద్ద ఆటల్లోనూ అంతే. 2008లో ఆస్ట్రేలియా పర్యటనలో ప్రత్యర్థి ఆటగాణ్ణి జాతి పేరుతో దూషించాడన్న ఆరోపణతో భారత క్రికెటర్ హర్భజన్‌పై వేసిన 3 టెస్టుల నిషేధం అప్పీలులో సగం మ్యాచ్ ఫీజు కోతగా మారింది. సాక్ష్యం చాలలేదన్న మాట సబబే కావచ్చు, కానీ పర్యటన ఆగుతుందన్న బెదిరింపు నీడ ఆ తీర్పుపై పడింది. రాష్ట్రాల సంగతీ చూడండి: 2009 డిసెంబరు 9న తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని కేంద్రం ప్రకటించి, 23న ఇంకా విస్తృత సంప్రదింపులు కావాలని మాట మార్చింది. ఆ రెండు వారాల్లో మారింది న్యాయం కాదు, రోడ్ల మీది జనం. రాష్ట్రాల పునర్విభజనపై 1953లో వేసిన ఫజల్ అలీ కమిషన్ లాంటిదాన్ని మళ్లీ వేసి, అన్ని ప్రాంతాల డిమాండ్లనూ ఒకే కొలతతో బహిరంగంగా విచారించాలి. ఊరి పోటీల్లో శిక్షల పట్టికను ముందే బోర్డు మీద రాసి, బయటి ఊరి అంపైర్లు ముగ్గురితో అప్పీలు వినిపించాలి. ఆ కుర్రాడి నిషేధాన్ని ముందుగా వాళ్లే విచారించాలి.

– ఒక పాఠకుడు, అమలాపురం