మధుమేహం ఉన్నవారి రక్తపోటు: మన సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

షుగరు సంగతి ఒక ఏడాది కాస్త పక్కన ఉంచి బీపీ సంగతి చూద్దామని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. మధుమేహుల సంఘానికి బీపీతో ఏం పని అని ఆ రోజు అడిగినవారు ఉన్నారు. అడగవలసిన ప్రశ్నే. ఏడాది పొడవునా చేసిన పనికంతటికీ మూలం అదే కనుక నివేదికను ఆ జవాబుతోనే మొదలుపెడుతున్నాను.

బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనం రక్తపోటు ఫలితాలను 1998లో ప్రకటించింది. టైప్ 2 మధుమేహంతో పాటు అధిక రక్తపోటు కూడా ఉన్న 1,148 మందిని రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి బీపీని గట్టిగా అదుపు చేశారు. వారి సగటు 144/82 దగ్గర, మిగతావారి సగటు 154/87 దగ్గర నిలిచింది. పై సంఖ్యలో తేడా పది పాయింట్లే. ఆ మాత్రానికే పక్షవాతం 44 శాతం, మధుమేహం కారణంగా సంభవించే మరణాలు 32 శాతం తగ్గాయి. అదే మనుషులను మరో పదేళ్లు గమనించి 2008లో ఇంకో ఫలితం ఇచ్చారు. మా కార్యవర్గాన్ని కదిలించింది నిజానికి ఈ రెండోదే. అధ్యయనం ముగిసిన రెండేళ్లలోపే రెండు వర్గాల బీపీ ఒకటైపోయింది. దాంతో మొదట వచ్చిన లాభమూ నిలవలేదు. షుగరును తొలినాళ్లలో అదుపు చేసినందుకు వచ్చిన మేలు మాత్రం ఏళ్ల తరబడి మిగిలింది. బీపీ విషయంలో పాత పుణ్యం అక్కరకు రాదన్నమాట. ఏ ఏడు చేసుకున్నది ఆ ఏటికే.

ఇలా ఏళ్ల తరబడి విడవకుండా చూసుకోవలసిన పనిని, మూడు నెలలకోసారి కొద్ది నిమిషాలు కనిపించే వైద్యుడి మీద మాత్రమే పెడితే సాగదు. అందుకే బృందంగా చూసుకోవడమనే పద్ధతిని ఎంచుకున్నాం. ఇది మేము కనిపెట్టింది కాదు. డెన్మార్క్‌లో స్టెనో-2 అధ్యయనంలో, మూత్రంలో అల్బుమిన్ (కిడ్నీ దెబ్బతిన్నప్పుడు మూత్రంలోకి జారిపోయే ప్రోటీన్) కనిపించడం మొదలైన 160 మంది మధుమేహులలో సగం మందికి వైద్యుడు, నర్సు, ఆహార నిపుణులు కలిసి బీపీ, షుగరు, కొలెస్టరాల్ అన్నింటినీ ఒక్కసారే చూసుకున్నారు. గుండె, రక్తనాళాల జబ్బులు వారిలో దాదాపు సగానికి తగ్గాయి. 21 ఏళ్ల తర్వాత లెక్క చూస్తే మిగతావారికంటే వారి ఆయుర్దాయం 7.9 ఏళ్లు ఎక్కువగా తేలింది. ఇంత ఖర్చు, ఇన్ని సదుపాయాలు అందరికీ ఎక్కడివి అని మీరు అనవచ్చు. బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక గ్రామాల్లో 2,645 మంది రక్తపోటు రోగులతో జరిగిన కోబ్రా-బీపీఎస్ అధ్యయనం 2020లో వెలువడింది. ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి బీపీ చూసి, మాటలు చెప్పి, అవసరమైనవారిని వైద్యుడి దగ్గరకు పంపించారు. రెండేళ్లకు, మామూలు వైద్యం అందినవారికంటే వీరి పై సంఖ్య సగటున 5 పాయింట్లు ఎక్కువ తగ్గింది. అక్కడ పెద్ద యంత్రాలేమీ లేవు. మనిషిని మనిషి పట్టించుకున్నారు.

ఎవరి పని ఏది

బీపీ ఎందుకు అదుపులో లేదని ఆరా తీస్తే బాధ్యులెవరూ దొరకరు. గుండె వైద్యుడు చూస్తున్నారు కదా అని షుగరు వైద్యుడు అనుకుంటారు. కిడ్నీ పరీక్షలు ఇంకెవరో రాస్తారులే అని గుండె వైద్యుడు అనుకుంటారు. మందుల దుకాణంలో చీటీ ప్రకారం ఇచ్చి పంపిస్తారు. ఇంట్లోవాళ్లు "మాత్ర వేసుకున్నావా" అని అడిగి ఊరుకుంటారు. నలుగురి పని ఎవరి పనీ కాకుండా పోతుంది.

అందుకని ఈ ఏడాది అచ్చువేసిన చేతిపుస్తకం మొదటి పేజీలో బీపీ అంకెలకు ముందు మనుషుల పేర్లు అడిగాం. మీ లక్ష్యం నిర్ణయించి మందులు మార్చేది ఎవరు? రెండు సందర్శనల మధ్య అనుమానం వస్తే ఎవరికి ఫోను చేస్తారు? మీ మందులన్నీ ఒకేచోట పెట్టుకుని చూసేది ఎవరు? ఇంట్లో మీ మందుల సంగతి తెలిసినవారు ఎవరు? పుస్తకాలు వెనక్కి తెప్పించి చూస్తే, చాలావాటిలో రెండో గీత ఖాళీగానే ఉంది. ఆ గీత నింపడానికి స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన నర్సులకు సంఘం తరఫున కృతజ్ఞతలు. మందు మొదలుపెట్టినా, మోతాదు మార్చినా రెండు వారాల్లోపు వారే ఫోను చేసి కనుక్కుంటున్నారు. మైకంగా ఉందా, పొడిదగ్గు వస్తోందా, రాసిన రక్తపరీక్ష చేయించారా అని మూడు ప్రశ్నలు. మందులు తామే మార్చరు. వినవలసినది విని వైద్యుడికి చేరవేస్తారు. ఏడాది మొత్తంలో మన సంఘం చేసిన అత్యంత ఉపయోగకరమైన పని ఇదేనని నా అభిప్రాయం. పెద్ద సభలు దీని ముందు దిగదుడుపే.

కొలత శిబిరాలు

నెలనెలా బీపీ కొలిచే శిబిరాలు మానకుండా నడిచాయి. అయితే వాటి తీరు మార్చాం. ఇదివరకు వరుసలో నిలబెట్టి, వచ్చినవారిని వచ్చినట్టే కూర్చోబెట్టి కొలిచేవాళ్లం. ఇప్పుడు ముందుగా ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలను తాకాలి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. కాళ్లు ఒకదానిపై ఒకటి వేసుకోకూడదు. కాఫీ, పొగ, వ్యాయామం అన్నీ అరగంట ముందే అయిపోవాలి. మూత్రానికి వెళ్లి వచ్చి కూర్చోవాలి. రెండుసార్లు కొలిచి సగటు రాస్తాం. ఆ మౌనంగా కూర్చునే ఐదు నిమిషాలే మన సభ్యులకు అన్నింటికంటే కష్టంగా ఉంది!

లావుపాటి చేతులున్న ఒక సభ్యుడికి మొదట మామూలు పట్టీ చుడితే 156 వచ్చింది. పట్టీ చివర అంటీ అంటనట్టు ఉండటం చూసిన నర్సు దాన్ని విప్పి, పెద్ద పట్టీ తెప్పించి, కొంతసేపు ఆగి మళ్లీ కొలిస్తే 138. ఆయన అప్పటికే ఇంకో మాత్ర కావాలేమోనని బెంగపడుతున్నారు. చిన్న పట్టీ బీపీని ఎక్కువగా చూపిస్తుందని తెలిసినా, శిబిరానికి రెండు కొలతల పట్టీలు తీసుకురావడం ఆ తర్వాతే మాకు అలవాటైంది. ఇళ్లకు అరువిచ్చే యంత్రాల పెట్టెల్లో కూడా ఇప్పుడు రెండు రకాల పట్టీలూ పెడుతున్నాం. మణికట్టుకు కట్టేవి కొనలేదు, కొనం కూడా.

ఇంట్లో కొలుచుకునేవారికి ఒక మాట. వైద్యుడి దగ్గరకు వెళ్లేముందు వారం రోజులు ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి రాయండి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. ఇంటి సగటు 135/85 లేదా అంతకు మించి ఉంటే అది అధిక రక్తపోటే. కొందరికి ఆసుపత్రిలోనే పెరుగుతుంది, కొందరికి ఆసుపత్రిలో బాగుండి ఇంట్లో పెరుగుతుంది. రెండోది మరీ మోసకారి.

ఈ ఏడాది కొత్తగా, నిలబెట్టి కొలవడం కూడా చేర్చాం. చాలాకాలంగా మధుమేహం ఉన్నవారిలో నరాలు దెబ్బతిని, లేచి నిలబడగానే బీపీ పడిపోవచ్చు. మూడు నిమిషాల్లోపు పై సంఖ్య 20 గానీ కింది సంఖ్య 10 గానీ తగ్గితే వైద్యుడికి తప్పక చెప్పాలి. "నీరసంగా ఉంది" అంటూ మాత్రలు సొంతంగా మానేస్తున్న కొందరి అసలు ఇబ్బంది ఇదేనని ఈ కొలత వల్ల బయటపడింది.

మందుల సంచి రోజు

ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని రమ్మన్నాం. వాడుతున్నవి, మానేసినవి, నొప్పికి ఎప్పుడో కొన్నవి, బలానికి ఎవరో ఇచ్చినవి, అన్నీ. ఒక పెద్దావిడ సంచి బోర్లిస్తే రెండు వేర్వేరు పేర్ల మాత్రల పట్టీలు పక్కపక్కన పడ్డాయి. ఒకటి షుగరు వైద్యుడు రాసింది, ఇంకోటి గుండె వైద్యుడు రాసింది. ఫార్మసిస్టు రెండింటినీ తిరగేసి, పెద్ద అక్షరాల కింద ఉన్న సన్నటి అక్షరాల చుట్టూ ఎర్ర కలంతో సున్నా చుట్టింది. రెండింటిలోనూ ఉన్నది ఒకే బీపీ మందు, టెల్మిసార్టన్. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని ఆవిడ కొంతకాలంగా చెబుతూనే ఉన్నారట. ఫార్మసిస్టు అక్కడి నుంచే వైద్యుడికి ఫోను చేసింది. ఏది ఉంచాలో, ఎంత ఉంచాలో ఆయన చెప్పారు.

ఆ రోజు ఫార్మసిస్టు చెప్పిన సంగతులు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. పేరు చివర "ప్రిల్" అని వచ్చేవి, "సార్టన్" అని వచ్చేవి మూత్రంలో అల్బుమిన్ పోతున్న మధుమేహులకు మొదటి వరుస మందులు. కానీ రెండు రకాలూ కలిపి వాడకూడదు. 2008 నాటి ఆన్‌టార్గెట్ అధ్యయనంలో ఆ జోడీ వల్ల అదనపు మేలు లేకపోగా దుష్ఫలితాలు పెరిగాయి. వీటిని మొదలుపెట్టాక ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), పొటాషియం పరీక్షలు అవసరం. గర్భిణులు, గర్భం కోరుకుంటున్నవారు వాడకూడదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, కిడ్నీలకూ చేటే. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు కొన్ని బీపీ, షుగరు మందులను తాత్కాలికంగా ఆపవలసి రావచ్చు కనుక, ఆ రోజులకు ఏం చేయాలో వైద్యుడి చేత ముందే రాయించి పెట్టుకోవాలి.

ఏడాదికోసారి మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోమని గుర్తుచేసే పని సాగుతోంది. మూత్రపరీక్ష ఎందుకని వెనకాడేవారే ఇప్పటికీ ఎక్కువ. నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే కిడ్నీ ఏ బాధా తెలియకుండానే దెబ్బతింటోందని అనుమానించాలి. ఉప్పు గురించి ఆహార నిపుణురాలి ప్రసంగం జరిగింది. రోజుకు 5 గ్రాముల లోపు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ప్రసంగం బాగుంది. ఎందరు పాటిస్తున్నారో చెప్పలేను.

లక్ష్యం ఎంత అన్న వాదన

సమావేశాల్లో ఎక్కువ వేడి పుట్టించింది ఈ విషయమే. చాలామంది మధుమేహులకు 130/80 లోపు అన్నది ఇప్పుడు వాడుకలో ఉన్న లక్ష్యం. 120 లోపుకు తేవాలా అన్నదే వివాదం. 2010లో అకార్డ్ అధ్యయనం 4,733 మందిలో దాన్ని పరీక్షిస్తే, పక్షవాతం తగ్గినా గుండె జబ్బులు, పక్షవాతం కలిపి చూసిన ప్రధాన ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2024లో చైనా నుంచి వచ్చిన బీప్రోడ్ అధ్యయనం 12,821 మందిలో ఇదే ప్రశ్న వేసి, పెద్ద గుండె, రక్తనాళ ప్రమాదాలు 21 శాతం తగ్గాయని చెప్పింది. బీపీ మరీ పడిపోవడం, పొటాషియం పెరగడం కూడా ఎక్కువే అయ్యాయి. సంఘం తరఫున ఎవరికీ ఒక అంకె చెప్పకూడదని కార్యవర్గం నిర్ణయించింది. నిలబడితే తూలే పెద్దవారికీ, నలభై ఏళ్ల వయసులో మూత్రంలో అల్బుమిన్ పోతున్నవారికీ ఒకే అంకె అంటగట్టడం మన పని కాదు. మీ అంకె మీ వైద్యుడితో మాట్లాడి చేతిపుస్తకంలో రాయించుకోండి. ఆ గడి ఖాళీగా ఉంచకండి.

మిగిలిపోయినవి, రాబోయేవి

కుటుంబ సభ్యుల కోసం పెట్టిన సాయంత్రపు సమావేశాలకు స్పందన అంతంతమాత్రమే. వచ్చినవారు ముందే శ్రద్ధ ఉన్నవారు. రావలసినవారు రాలేదు. వచ్చే ఏడాది వేరుగా సమావేశం పెట్టకుండా, మందుల సంచి రోజునే ఇంట్లోంచి ఒకరిని వెంట తెమ్మంటాం. వైద్యులందరికీ చేరేలా ఒకే పేజీ మందుల పట్టిక తయారవుతోంది. ఒకరు మందు మార్చిన సంగతి ఇంకొకరికి తెలియకపోవడమే ఈ ఏడాది మాకు పదేపదే ఎదురైన చిక్కు. రోజుకు మాత్రల సంఖ్య తగ్గించే మిశ్రమ మాత్రల గురించి ఫార్మసిస్టులతో ఒక చర్చ కూడా ఏర్పాటు చేస్తున్నాం. వీటిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

ఆదాయ వ్యయాల పట్టికను తనిఖీ చేయించి విడిగా పంపుతున్నాం. ఖర్చులో పెద్ద వాటా యంత్రాలకు, పట్టీలకు, చేతిపుస్తకం అచ్చుకు అయింది.

అరువు తీసుకున్న బీపీ యంత్రాలను సర్వసభ్య సమావేశానికి తీసుకురండి. వాటిని శిబిరంలోని యంత్రంతో సరిపోల్చి, తేడా చూపినవాటిని మరమ్మతుకు పంపిస్తాం. చేతిపుస్తకం, మందుల సంచి కూడా వెంట ఉంటే నర్సులు అక్కడే చూస్తారు.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున