మంచుకొండ మీద చీటీ

హన్మకొండ

బిడ్డా,

నువ్వు పీడీఎఫ్‌ల పంపిన సాంద్రత పాఠం మొన్న తొమ్మిదో తరగతికి చెప్పిన. పాఠం మంచిగనే ఉంది, కానీ నన్ను ఒక రాత్రంతా ఆగం చేసింది.

సముద్రంల మంచుకొండ ఎందుకు తేలుతదో రాసినవ్. మా పిల్లలు మంచుకొండ సంగతి దేవుడెరుగు, సముద్రమే చూడలే. రామప్ప మాత్రం చాలామంది చూసిన్రు, గోపురం ఇటుకలు నీళ్లల్ల తేలుతయని విన్నరు. మంచుకొండ తీసేసి ఇటుక పెడదామనుకున్న. బొమ్మ మీద రాసిన పేర్లు బొమ్మతోనే కలిసిపోయినయ్, చెరిపితే బొమ్మ కూడ పోతది. పేరా కాపీ చేసి వర్డ్‌ల పెడితే తెలుగు బదులు కొక్కిరి గీతలొచ్చినయ్. పాత డీటీపీ ఫాంటు, ఏ కంప్యూటర్లనైనా తెలుగు తెలుగులెక్కనే కనపడే యూనికోడ్ కాదు. ఆఖరికి ప్రింటు తీసి, మంచుకొండ మీద తెల్లకాగితం అంటించి, ఇటుక చేత్తో గీసి జిరాక్స్ తీయించిన. చీటీ అంచు నల్లగీతలా పడ్డది. "టీచర్, నీటిమట్టం ఇదేనా?" అని ఒకడు అడిగిండు!

ఇంత చేసినంక చూస్తే, నాలుగో ప్రశ్నల మళ్లీ మంచుకొండే.

మొదటి పేజీల క్రియేటివ్ కామన్స్ గుర్తు, అంటే అందరు వాడుకోనిచ్చే లైసెన్స్ గుర్తు పెట్టి, 'మార్చుకోవచ్చు' అని రాసిన్రు. 2002ల యునెస్కో సమావేశంల ఇసొంటి అందరు వాడుకునే పాఠాలకు 'ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్' అన్న పేరు పెట్టిన నాడే, మార్చుకునుడు కూడ అందుల చేర్చిన్రు. తాళం తీసిన్రు గానీ తలుపుకు మేకులట్లనే ఉన్నయ్ తల్లీ.

పీడీఎఫ్‌తోపాటు అసలు ఫైలు కూడ పెట్టున్రి, యూనికోడ్‌ల. బొమ్మ వేరే, పేర్లు వేరే ఉండాలె. ఉదాహరణను ఒక డబ్బాల పెట్టి, దాన్ని ఏ ప్రశ్నల వాడిన్రో పక్కనే రాయున్రి. సూత్రం జోలికి నేను పోను, డబ్బా మార్చుకుంట, అంతే. మీ సార్లు 'ఎన్‌డీ' లైసెన్స్, అంటే మార్చినదాన్ని పంచొద్దనే లైసెన్స్ పెడదామంటే ఒప్పుకోకు. ములుగు దిక్కు నా దోస్తు కోయ పిల్లలకు చెప్తది. పాఠాన్ని వాళ్ల భాషలకు మార్చినా, ఎన్‌డీ ఉంటే ఇంకో టీచరుకు పంచనీకి రాదు. అనువాదం కూడ మార్పు కిందికే వస్తది మరి.

ఆదివారం నాయిన, నేను రామప్ప గుడి చూడనీకి పాలంపేట పోతున్నం. గోపురం ఫొటో తీసి పంపుత. దాని మీద పేర్లు మాత్రం రాయకు.

మీ అమ్మ