‘ది హాంటింగ్’ ప్రదర్శన గురించి మా ప్రేక్షకులకు

నారాయణగూడలోని మా చిన్న ప్రదర్శనశాలకు వచ్చే ప్రేక్షకులందరికీ నమస్కారం. పాత సినిమా నలుపు తెలుపు కదా, రంగుల్లో వచ్చినదే వేయమని మీలో చాలామంది కోరడంతో గత శనివారం 1999 నాటి రంగుల రీమేక్ ‘ది హాంటింగ్’ ప్రదర్శించాము. అలా కోరినవారిలోనే కొందరు ఇంటర్వెల్‌లో లేచి వెళ్లిపోయారు. చివరిదాకా కూర్చున్నవారు, ఇంత పేరున్న కథలో భయమే లేదేమిటని కౌంటరు దగ్గర అడిగారు. ఆ సినిమా బాగాలేదనే నా అభిప్రాయం కూడా. డబ్బు పెట్టి టికెట్ కొన్నవారికి ఆ మాట దాచకుండా చెప్పి, ఇక ముందు ఏం చేయబోతున్నామో తెలియజేయడం నా బాధ్యత.

షర్లీ జాక్సన్ 1959లో రాసిన నవలను మొదట 1963లో రాబర్ట్ వైజ్ తెరకెక్కించారు. తర్వాత రెండేళ్లకు ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ తీసింది కూడా ఆయనే. దయ్యాలున్నాయని పేరుపడిన హిల్ హౌస్ అనే భవనంలో, నిజమేమిటో తేల్చడానికి నలుగురు బస చేయడం ఈ కథ. వైజ్ తన సినిమాలో దయ్యాన్ని ఒక్కసారి కూడా చూపలేదు. గదిలో ఇద్దరు ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని కూర్చుని ఉండగా నడవాలో ఏదో బరువైనది గోడలను బాదుకుంటూ దగ్గరికి వస్తుంది, తలుపు దగ్గర ఆగుతుంది, గుండ్రటి పిడి నెమ్మదిగా తిరుగుతుంది. మరో సన్నివేశంలో, గట్టి చెక్కతో చేసిన పెద్ద తలుపు ఊపిరి పీలుస్తున్నట్లు లోపలికి ఉబ్బుతుంది. అవతల ఏముందో పాత్రలకూ తెలియదు, మనకూ తెలియదు. గదుల ఆకారమే వంకరపోయినట్లు కనిపించాలని వైజ్ ఇంకా పూర్తిగా సిద్ధం కాని ఒక వైడ్ యాంగిల్ లెన్సును పానవిజన్ సంస్థ నుంచి పట్టుబట్టి తెప్పించుకున్నారు. అందులో లోపాలున్న సంగతి తనకు తెలుసునని కాగితం మీద సంతకం చేసి మరీ తీసుకున్నారు.

రీమేక్ దర్శకుడు యాన్ డి బాంట్ చేతగానివారు కారు. 1994లో ‘స్పీడ్’ తీసినది ఆయనే. సుమారు 8 కోట్ల డాలర్లతో తీసిన ఆ సినిమా సెట్ల వైభవాన్ని నేను కాదనను, ఎలనార్ పాత్రలో లిలీ టేలర్ కూడా మనసుపెట్టి నటించారు. అయితే చెక్కలో చెక్కిన పిల్లల ముఖాలు కళ్లు తిప్పడం, దుప్పటి కింద ముఖాలు తేలడం, చివరికి ఇంటి యజమాని హ్యూ క్రెయిన్ ప్రేతం కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో తెరనిండా లేచి నిలబడడం, ఇలా అన్నీ చూపించేశాక ఊహించుకోవడానికి ప్రేక్షకుడికి ఏమీ మిగలదు. మా అమ్మమ్మ చింతచెట్టు దయ్యం కథ చెప్పేటప్పుడు దాని ముఖం ఎలా ఉంటుందో ఏనాడూ వర్ణించలేదు, అందుకే మేము ఆ చెట్టు వైపు వెళ్లేవాళ్లం కాదు.

నన్ను ఇంతకంటే బాధించినది, హిల్ హౌస్‌లో బస చేసిన నలుగురిలో ఒకరైన ఎలనార్ పాత్రకు జరిగిన అన్యాయం. ఏళ్ల తరబడి తల్లికి సేవ చేసి, తనకంటూ ఒక ఇల్లు లేక ఒంటరిదైపోయిన ఆమెను ఆ భవనం నిజంగా పిలుస్తోందా, లేక ఆమె మనసే చెదిరిందా అన్నది 1963 సినిమాలో చివరిదాకా తేలదు. రీమేక్‌లో ఆమెను క్రెయిన్ రెండవ భార్య వంశానికి చెందినదిగా చేసి, చిక్కుకున్న పిల్లల ఆత్మలను విడిపించే పని అప్పగించడంతో ఆ సందేహమూ, దానితోపాటు ఆమె దుఃఖమూ పక్కకు పోయాయి. ఆ సినిమా వసూళ్లు 17 కోట్ల డాలర్లు దాటిన మాట నిజమే, అయినా చెత్త సినిమాలకు ఇచ్చే ‘రాజీ’ (గోల్డెన్ రాస్ప్‌బెర్రీ) పురస్కారాలకు 5 విభాగాల్లో నామినేట్ అయింది.

వచ్చే శనివారం సాయంత్రం 7 గంటలకు 1963 నాటి చిత్రాన్ని ప్రదర్శిస్తున్నాము. గత శనివారం టికెట్టు ఉన్నవారు దానితోనే రావచ్చు. సినిమా వద్దు, డబ్బే కావాలనేవారికి కౌంటరులో పూర్తిగా తిరిగి ఇస్తాము. లైసెన్సు రుసుము రెండుసార్లు కట్టవలసి రావడం మాలాంటి చిన్న వ్యాపారానికి భారమే అయినా, అందుకోసం టికెట్ ధర పెంచడం లేదు. ఎవరు అడిగినా ఆ రీమేక్‌ను మాత్రం ఇక్కడ మళ్లీ వేయము.

మరొక్క విన్నపం. 1963 నాటి సినిమా బలమంతా శబ్దంలోనే ఉంది. ఏసీ హోరులో నడవా చప్పుడు వినిపించదు కాబట్టి హాలును ముందుగానే చల్లబరచి, ఆ రెండు సన్నివేశాల్లో ఏసీ ఆపేస్తాము. ఫ్లైఓవర్ మీది హారన్లు లోపలికి రాకుండా వీధి వైపు మందమైన తెరలు వేయించాము. తలుపు తెరిస్తే ఆ చీకటీ నిశ్శబ్దమూ చెదిరిపోతాయి కాబట్టి, ప్రదర్శన మొదలయ్యాక ఎవరినీ లోపలికి పంపము. ఇంటర్వెల్ కూడా ఉండదు. చాయ్ 6 గంటల నుంచే సిద్ధంగా ఉంటుంది, దయచేసి ముందుగా రండి.