గేట్లు లేవంటే టికెట్ అక్కర్లేదని కాదు

సంపాదకులకు నమస్కారం.

రెండు ఆదివారాల కిందట మీ పర్యాటక పేజీలో బెర్లిన్ మీద వచ్చిన వ్యాసం చదివాను. బ్రాండెన్‌బర్గ్ గేటు, మ్యూజియంలు, నదిలో పడవ షికారు అన్నీ బాగా రాశారు. కానీ అక్కడి భూగర్భ రైలు గురించి ఒక్క వాక్యమే ఉంది, అది కూడా స్టేషన్లలో గేట్లుండవు, ఎవరూ ఆపరు అని. ఆ మాట నిజమే. అక్కడితో ఆపేయడమే తప్పు. ఎవరూ ఆపలేదు కదా అని రైలెక్కి మేము 120 యూరోలు కట్టాం, అందుకే ఈ ఉత్తరం.

మేము బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటాం. మా అమ్మాయి బెర్లిన్‌లో ఎం.ఎస్. చదువుతోంది. రెండేళ్ల కిందట నేనూ మావారూ తన దగ్గర నెల రోజులు ఉండి వచ్చాం. మొదటి నాలుగు రోజులూ తనే వెంట తిప్పింది, టికెట్లన్నీ తన ఫోన్‌లోనే కొనేది కాబట్టి మాకేమీ తెలియలేదు. ఐదో రోజు తనకి క్లాసులుండి మేమిద్దరమే బయల్దేరాం. స్టేషన్లో మెషిన్ దగ్గర ఇంగ్లిష్ పెట్టుకుని రెండు టికెట్లు కొని, పోతాయేమోనని పర్సు లోపలి అరలో పెట్టి, రైలెక్కి కూర్చున్నాం. తలుపులు మూసుకోగానే మామూలు బట్టల్లో ఉన్న ఇద్దరు లేచి, కార్డులు చూపించి, టికెట్లు అడగడం మొదలుపెట్టారు. మేము ధైర్యంగానే తీసి ఇచ్చాం. వాళ్లు అటూ ఇటూ తిప్పి చూసి, స్టాంప్ లేదు, ఈ టికెట్లు చెల్లవు అన్నారు.

తలకి 60 యూరోలు ఫైన్. మన డబ్బులో ఒక్కొక్కరికీ ఐదు వేల పైమాటే. వాళ్లు అరవలేదు, అవమానించలేదు, రూల్ ప్రకారమే చేశారు. కానీ డబ్బు పెట్టి టికెట్ కొని కూడా దొంగల్లా నలుగురి మధ్యా నిలబడాల్సి వచ్చిందే అని మావారు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. పిల్ల పార్ట్‌టైమ్ ఉద్యోగం చేసి కూడబెట్టుకున్న డబ్బు అలా పోయిందని నా బాధ నాది.

ఇలా ఎందుకు జరిగిందో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మన నమ్మ మెట్రోలో బ్యాగు స్కానింగ్‌లో పెట్టాలి, టోకెనో కార్డో చూపిస్తేనే గేటు తెరుచుకుంటుంది, దిగేటప్పుడు మళ్లీ గేటు. మనం తప్పు చేస్తే గేటే ఆపి చెబుతుంది. మనకి అదే అలవాటు. బెర్లిన్‌లో తప్పు చేసినా తలుపులు తెరుచుకుంటాయి, రైలు తీసుకెళ్తుంది, చెకింగ్ వాళ్లు వచ్చేదాకా మన తప్పు మనకే తెలియదు. ప్లాట్‌ఫామ్ మీద నడుమెత్తు స్తంభానికి చిన్న పెట్టె ఒకటి ఉంటుంది, దాని మీద ‘ఎంట్‌వెర్టెన్’ అనే మాట కనిపిస్తుంది. మెషిన్లో కొన్న కాగితం టికెట్‌ని ఎక్కే ముందు అందులో దూరిస్తే తేదీ, టైము పడతాయి. అవి పడితేనే అది టికెట్ కింద లెక్క. మేము ఆ పెట్టె పక్కనే నిలబడి రైలు కోసం చూశాం! 24 గంటల టికెట్ అయితే మొదటిసారి ఒక్కసారి కొట్టిస్తే చాలు. ఫోన్‌లో కొన్నదానికి స్టాంప్ అక్కర్లేదు కానీ రైలెక్కక ముందే కొనాలి, చెకింగ్ వాళ్లని చూసి కొంటే ఒప్పుకోరు.

ఇంకో సంగతి. మామూలు టికెట్ రెండు గంటలు చెల్లుతుంది కానీ ఒకవైపుకే, అదే టికెట్ మీద వెనక్కి రాకూడదు. టికెట్లకి అక్కడ ఏ, బి, సి అని మూడు జోన్లు. విమానాశ్రయం ‘సి’ జోన్‌లో ఉంది, ఊళ్లో తిరిగే ‘ఏ బి’ టికెట్ అక్కడికి చాలదు. రైలు ఎటు వెళ్తుందో తెలియాలంటే లైన్ నంబర్ ఒక్కటే కాదు, చివరి స్టేషన్ పేరు చూడాలి.

వాట్సాప్‌లో మన కుర్రాళ్లు కొందరు అక్కడ ఫ్రీగా తిరగొచ్చని గొప్పగా చెప్పుకోవడం చూశాను, చాలా బాధేసింది. టికెట్ లేకుండా తిరగడం జర్మనీ చట్టంలో నేరమే. చదువుకోవడానికి వీసా మీద వెళ్లిన పిల్లలు అంత టెన్షన్ నెత్తిన పెట్టుకోవడం ఎందుకు? తల్లిదండ్రులు గట్టిగా చెప్పాలి.

ఆ వారం చివర్లో అమ్మాయి మమ్మల్ని యు8 లైన్‌లో యానోవిట్స్‌బ్రూకె స్టేషన్‌కి తీసుకెళ్లింది. ఈసారి స్టాంప్ మావారే కొట్టారు. 1961లో ఊరిని తూర్పు, పశ్చిమాలుగా విడదీస్తూ గోడ కట్టాక పశ్చిమ బెర్లిన్ రైళ్లు తూర్పు బెర్లిన్ కిందనుంచి పోతూ ఆ స్టేషన్లో ఆగేవి కావట, మసక వెలుతురులో కాపలా సైనికులు తప్ప ప్లాట్‌ఫామ్ మీద మనిషి ఉండేవాడు కాదట. అలాంటివాటిని దెయ్యాల స్టేషన్లు అనేవారు. 1989 నవంబర్ 9న గోడ తెరుచుకుంటే, మూసేసిన స్టేషన్లలో అన్నిటికంటే ముందు, రెండు రోజులకే 11న తెరిచింది దీన్నే. ఇరవై ఎనిమిదేళ్లు ఎవరినీ దిగనివ్వని చోటికి ఇప్పుడు గేటు కూడా లేకుండా మెట్లు దిగి వెళ్లిపోతున్నాం. నాకు బ్రాండెన్‌బర్గ్ గేటు కంటే ఆ ప్లాట్‌ఫామే ఎక్కువ గుర్తుంది. మీ వ్యాసంలో ఇది ఉంటుందని వెతుక్కున్నాను.

నేను అడిగేది ఒకటే. ఏ దేశం గురించి రాసినా అక్కడి రైలు టికెట్ ఎలా కొనాలో, ఎక్కడ స్టాంప్ కొట్టించాలో పది లైన్లు తప్పకుండా వేయండి. పిల్లల దగ్గరికి మొదటిసారి వెళ్లే మా వయసు వాళ్లు చాలామంది మీ పేపరు కత్తిరించి బ్యాగులో పెట్టుకుని వెళ్తారు. మా వియ్యంకులు నెల్లూరు నుంచి వచ్చే నెల బెర్లిన్ బయల్దేరుతున్నారు. ఆలోగా వేయగలిగితే వాళ్లకి పంపిస్తాను.

ఒక పాఠకురాలు,
కె.ఆర్.పురం, బెంగళూరు