హైస్కూలు పిల్లలకు పంటి పాఠం కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పందొమ్మిదేళ్లుగా భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. పదో తరగతిలో ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠం చెప్పేటప్పుడు ఏటా ఒక వాక్యం దగ్గర ఆగుతాను. నోటిలో పీహెచ్ విలువ (ఆమ్లత్వాన్ని తెలిపే కొలత, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం) 5.5 కంటే తగ్గితే దంతక్షయం మొదలవుతుందన్నది ఆ వాక్యం. పరీక్షలో అడిగే ప్రశ్న కాబట్టి పిల్లలు దాన్ని తడుముకోకుండా అప్పజెబుతారు. ఆ 5.5 అనే అంకెకు తమ నోటితోనూ, ఇంటర్వెల్‌లో గేటు బయట కొనుక్కునే కూల్‌డ్రింకుతోనూ, నాలుకకు తగులుతున్న పిప్పిపన్ను గుంటతోనూ సంబంధం ఉందని మాత్రం వారిలో చాలామందికి తోచదు. ఆ సంబంధాన్ని చూపించే బాధ్యత మాది. దానికి టైంటేబుల్‌లో చోటు కల్పించాలని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

కిందటి జనవరిలో మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు వరుసగా నాలుగు రోజులు బడికి రాలేదు. ఐదో రోజు ఎడమ బుగ్గ బూరెలా వాచి, చున్నీ అడ్డం పెట్టుకుని చివరి బల్ల మీద కూర్చుంది. నోరు తెరిపించి చూస్తే కింది దవడలో చివరి నుంచి రెండో పన్ను సగానికి పైగా నల్లబడి ఉంది, నడుమ గుంటలో లవంగం కుక్కి ఉంది. ఇన్నాళ్లూ ఎందుకు చూపించుకోలేదని అడిగితే, "పాలపన్నే కదా టీచర్, అదే ఊడిపోద్దిలే అంది మా అమ్మ" అని చెప్పింది. అది పాలపన్ను కాదు. ఆరేళ్ల వయసులో, ఏ పాలపన్నూ ఊడకుండానే, వాటన్నిటి వెనక నిశ్శబ్దంగా మొలిచే మొదటి శాశ్వత దవడ పన్ను అది. పాలపన్ను ఊడి దాని చోట వచ్చిన పన్ను కాదు కాబట్టి చాలా ఇళ్లలో దాన్ని పాలపన్నుగానే లెక్కవేస్తారు. నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి ఆ తర్వాత బయటపడింది. అంతకు ఏడాది ముందు మా బడిలో జరిగిన దంత వైద్య శిబిరంలో ఆ పన్నునే గుర్తించి, ఆస్పత్రికి తీసుకువెళ్లమని రాసి ఇచ్చిన చీటీ ఆ అమ్మాయి జామెట్రీ బాక్సు అడుగున నాలుగు మడతలుగా భద్రంగా ఉంది. ఆ చీటీ ఇంటికి చేరిందో లేదో శిబిరం వారు అడగలేదు, బడిలో మేమూ అడగలేదు. పన్నును కాపాడే అదను దాటిపోవడంతో చివరకు తీసేయవలసి వచ్చింది.

శిబిరాలు వద్దని నేను అనడం లేదు. ఒక పూటలో మూడు వందల నోళ్లు చూసి, తలా ఒక పేస్టు ట్యూబు ఇచ్చి, ఫొటో దిగి వెళ్లిపోయే కార్యక్రమం పిల్లలకు చదువు కాజాలదని మాత్రమే నా మనవి. భారత దంత వైద్య మండలి 2002-03లో జరిపిన జాతీయ సర్వేలో పన్నెండేళ్ల పిల్లల్లో 53.8 శాతం మందికి, పదిహేనేళ్ల వారిలో 63.1 శాతం మందికి దంతక్షయం ఉన్నట్లు తేలింది. పన్నెండు నుంచి పదిహేను వరకు అంటే సరిగ్గా వారు మా చేతిలో ఉండే ఏళ్లు. రెండో దవడ పన్ను పన్నెండేళ్ల ప్రాంతంలోనే వస్తుంది. చేతిలో సొంత డబ్బు ఆడడం, పళ్లు తోముకున్నావా అని అమ్మ వెంటపడడం మానేయడం, యుక్తవయసు మార్పుల వల్ల చిగుళ్లు త్వరగా వాచి రక్తం కారడం కూడా అప్పుడే మొదలవుతాయి. ఒకటో తరగతిలో నేర్పిన "ఉదయం, రాత్రి పళ్లు తోముకోవాలి" అన్న మాటనే పద్నాలుగేళ్ల వారికి మళ్లీ వల్లిస్తే వినరు. ఎందుకు అన్నది చెబితే వింటారు, చూపిస్తే ఇంకా బాగా వింటారు.

కిందటి ఫిబ్రవరిలో ఎనిమిదో తరగతి వారితో ఒక పని చేయించాను. మిఠాయిల్లో వాడే ఎర్ర రంగును నీళ్లలో కలిపి, దూదితో ఎవరి పళ్లకు వారిచేతే పూయించి, ఒక్కసారి పుక్కిలించమన్నాను. శుభ్రంగా ఉన్న పన్ను మీద రంగు పెద్దగా నిలవదు, పాచి ఉన్నచోట పట్టుకుంటుంది. రోజూ రెండు పూటలా తోముకుంటానని గట్టిగా చెప్పిన అబ్బాయి కుళాయి దగ్గర చేతి అద్దంలో చూసుకునేసరికి చిగుళ్ల అంచు వెంట గీత గీసినట్టు ఎర్రగా ఉంది. కింది ముందుపళ్ల లోపలి వైపైతే అసలు తెలుపే కనబడలేదు. వేలితో ఎంత రుద్దినా పోలేదు. మర్నాడు ఎవరూ చెప్పకుండానే బ్రష్షు తెచ్చుకుని, ఎలా తోమితే పోతుందో చూపించమని అడిగాడు. బ్రష్షును చిగుళ్ల వైపు ఏటవాలుగా ఆనించి, బలంగా రాయకుండా చిన్న చిన్న కదలికలతో, నోరంతా కలిపి రెండు నిమిషాలకు తక్కువ కాకుండా తోమాలని ఆ రోజు తరగతి మొత్తం నేర్చుకుంది. పాచి అలాగే ఉండిపోతే గట్టిపడి గారగా మారుతుందని, గార బ్రష్షుకు లొంగదని, దాన్ని వైద్యుడు తీసేస్తే పళ్లు వదులైపోతాయన్న భయంలో నిజం లేదని కూడా అప్పుడే చెప్పగలిగాను. పంటిలో పురుగు ఉంటుందన్న నమ్మకం మా పిల్లల ఇళ్లలో ఇంకా బలంగా ఉంది. పంటిని తినేది పురుగు కాదు, పాచిలోని సూక్ష్మజీవులు చక్కెరను వాడుకుని వదిలే ఆమ్లమే పంటిని కరిగిస్తుంది అని చెప్పడానికి పదో తరగతి పీహెచ్ పాఠం కంటే మంచి సందర్భం లేదు. తీపి తిన్న కొద్ది నిమిషాలకే పాచిలో పీహెచ్ పడిపోతుంది, లాలాజలం దాన్ని తిరిగి సరిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అందువల్ల భోజనంతో పాటు తిన్న మిఠాయి కంటే మధ్యాహ్నమంతా గుక్కగుక్కగా తాగిన ఒక్క సీసా కూల్‌డ్రింకు చేసే చెరుపు ఎక్కువ. ఈ లెక్క వారికి వారే కట్టగలరు.

మధ్యాహ్న భోజన పథకంలో ఇచ్చే వేరుశనగ చిక్కీ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. అది పిల్లలకు బలమైన ఆహారం, దాన్ని ఆపమని ఎవరూ కోరకూడదు. అయితే బెల్లం పాకం దవడ పళ్ల గాడుల్లో అతుక్కుంటుంది కాబట్టి తిన్న వెంటనే నీళ్లతో గట్టిగా పుక్కిలించే అలవాటు చేయాలి. నాలుగు వందల మంది ఉన్న మా బడిలో పనిచేసే కుళాయిలు ఆరు, భోజనాల గంటలో వాటి దగ్గర పళ్లేలు కడుక్కునే వరుసే తరగదు. పాఠం చెప్పి కుళాయి ఇవ్వకపోతే ఆ పాఠం నిలవదు.

పొగాకు విషయంలో మన తీరానికి ప్రత్యేకమైన కష్టం ఉంది. చుట్ట కాలే కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు విశాఖ, శ్రీకాకుళం తీర గ్రామాల ఆడవారిలో తరాలుగా ఉన్నది, దాని వల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందని వైద్యులు దశాబ్దాల కిందటే నిరూపించారు. మా విద్యార్థుల్లో కొందరి నాయనమ్మలు ఇప్పటికీ అలా తాగుతున్నారు, మరికొందరు పళ్లకు ముక్కుపొడుం రుద్దుకుంటున్నారు. పెద్దలను నిందించడం నేర్పకూడదు. నోట్లో తెల్లటి మచ్చ గాని, రెండు వారాలు దాటినా మానని పుండు గాని కనిపిస్తే వెంటనే విశాఖలోని ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్‌కు తీసుకువెళ్లాలని ఆ పిల్లలకు తెలిస్తే ఒక ప్రాణం నిలవవచ్చు. ఇక పిల్లల సంగతికి వస్తే, 2019లో మన దేశంలో జరిపిన ప్రపంచ యువజన పొగాకు సర్వేలో పదమూడు నుంచి పదిహేనేళ్ల విద్యార్థుల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్లు తేలింది. విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతున్నా, ఆ దూరం కొలిచి చూసేవారు కనబడరు.

ఆటస్థలంలో దెబ్బ తగిలి శాశ్వత పన్ను వేరుతో సహా ఊడితే, దాన్ని పైభాగం పట్టుకుని తీసి, వేరును రుద్దకుండా, పాలలో వేసి అరగంటలోపు దంత వైద్యుడి దగ్గరకు చేర్చాలి. అలా చేస్తే తిరిగి అతికే అవకాశం ఉంటుంది. ఈ సంగతి ప్రతి వ్యాయామ ఉపాధ్యాయుడికీ తెలిసి ఉండాలి.

ఇందుకు కొత్త పథకం అక్కర్లేదు. పిల్లల ఆరోగ్య పరీక్షలకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. బడికి ఇద్దరు ఉపాధ్యాయులకు ఆరోగ్య బోధనలో శిక్షణ ఇవ్వాలన్న కార్యక్రమం 2020 నుంచి ఉంది. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో ఏడాదికి నాలుగు పీరియడ్లు, జీవశాస్త్రం, భౌతికశాస్త్రం చెప్పేవారు కలిసి పంచుకునేలా, టైంటేబుల్‌లోనే రాసి ఇస్తే చాలు. నగరంలోని దంత వైద్య కళాశాలల విద్యార్థులు శిబిరానికి వచ్చినప్పుడు ఆ పీరియడ్లలో ఒకటి వారే చెప్పవచ్చు. వైద్యానికి పంపవలసిన పిల్లల పేర్లు ప్రధానోపాధ్యాయుల దగ్గర ఒక రిజిస్టరులో ఉండాలి, తల్లిదండ్రుల సమావేశంలో ఆ పేజీ తెరిచి ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలి. జూన్‌లో బడులు తెరిచేలోపు, నిరుడు ఇచ్చిన చీటీల్లో ఎన్నింటికి వైద్యం అందిందో ముందుగా లెక్క తీయించాలని జిల్లా విద్యాశాఖాధికారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు,
విశాఖపట్నం.