జవాబు రాకుండానే ట్రయల్స్ మూసేయకండి: ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను 22 ఏళ్లుగా నర్సుగా పని చేస్తున్నాను. అందులో కొన్నేళ్లు ఒక యూనివర్సిటీ ఆసుపత్రిలో క్లినికల్ ట్రయల్ కోఆర్డినేటర్‌గా చేశాను. ఒక వైద్య పద్ధతి నిజంగా పనిచేస్తుందో లేదో పేషెంట్ల సమ్మతితో పరీక్షించి చూడటమే ట్రయల్. పేషెంట్ల దగ్గర కూర్చుని ట్రయల్ గురించి వివరించడం, సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవడం, వాళ్లు ఇంటికెళ్లాక ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కుని రాసుకోవడం నా పని. ఈ లేఖ రాయడానికి కారణం ఒక నోట్‌బుక్.

ఒక రోజు మధ్యాహ్నం ఒకావిడ నేనున్న వార్డు వెతుక్కుంటూ వచ్చి, సంచిలోంచి నోట్‌బుక్ తీసి నా చేతిలో పెట్టారు. "సిస్టర్, పుస్తకం నిండిపోయింది. ఇంకోటి ఇస్తారా?" అన్నారు. ఆమె భర్తకు హార్ట్ ఫెయిల్యూర్. గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరే జబ్బు అది. ఆ నీరు చేరడం కాళ్ల వాపులోనో ఆయాసంలోనో తెలిసే లోపే చాలాసార్లు బరువులో తెలిసిపోతుంది. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగిందంటే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. అందుకే మా ట్రయల్‌లో సగం మంది రోజూ పొద్దున్నే బరువు చూసుకుని రాయాలి. వారానికోసారి ఒక నర్సు ఫోన్ చేసి ఆ అంకెలు అడిగి, అవసరమైతే డాక్టర్‌తో మాట్లాడి మందు మార్పించాలి. మిగతా సగం మందికి మామూలుగా జరిగే వైద్యమే జరుగుతుంది. ఇలా ఫోన్ చేస్తే మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం తగ్గుతుందా? మా ట్రయల్ అడిగింది ఈ ఒక్క ప్రశ్నే.

ఆమె నోట్‌బుక్ తెచ్చేనాటికి ఆ ట్రయల్ ఆగిపోయి ఏడు నెలలైంది. నిధులు ఆగాయి, కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లను పంపేశారు, నన్ను వార్డుకు మార్చారు. పేషెంట్లకు ఉత్తరం పంపాల్సిన పని ఎవరికీ అప్పగించలేదు. ఎవరో ఒకరు పంపే ఉంటారని నేనూ అనుకున్నాను. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. "ఫోన్లు రావట్లేదంటే మీకు పని ఎక్కువై ఉంటుందిలే అనుకున్నాం. రాయడం మాత్రం మానలేదు" అన్నారామె. ఏడు నెలలు, ఒక్క రోజు కూడా వదలకుండా రాశారు. ఇంతకీ ఆ ఫోన్ల వల్ల ఉపయోగం ఉందని తేలిందా అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అసలు ఎవరూ లెక్క కట్టలేదు.

మంత్రి గారూ, ట్రయల్ అనగానే కొత్త మందు, పెద్ద కంపెనీ గుర్తొస్తాయి. నేను మాట్లాడుతున్నది వాటి గురించి కాదు. పేషెంట్‌ను ఎలా చూసుకోవాలన్న దాని మీద యూనివర్సిటీలు చేసే ట్రయల్స్ గురించి. ఆపరేషన్ తర్వాత పేషెంట్‌ను మంచం మీంచి ఎప్పుడు దించాలి, మంచాన పడ్డవాళ్లను ఎన్ని గంటలకోసారి పక్కకు తిప్పాలి, పక్షవాతం వచ్చినవాళ్లతో ఇంట్లోవాళ్లే వ్యాయామం చేయిస్తే సరిపోతుందా? ఇలాంటి వాటికి జవాబు దొరికితే కొత్తగా అమ్ముకోవడానికి ఎవరికీ ఏమీ ఉండదు. అందుకే కంపెనీలు వీటికి డబ్బు పెట్టవు. ప్రభుత్వం పెట్టకపోతే ఇవి ప్రశ్నలుగానే మిగిలిపోతాయి.

ఇందులో తేల్చడానికి ఏముంది, అనుభవం ఉన్న డాక్టర్లకూ నర్సులకూ తెలియదా అని మీ శాఖలో ఎవరైనా అనొచ్చు. నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. నా అభిప్రాయం మార్చింది ఫీస్ట్ అనే ట్రయల్. తీవ్రమైన జ్వరంతో, రక్తప్రసరణ మందగించి, షాక్ లక్షణాలతో వచ్చిన పిల్లలకు వెంటనే సెలైన్ వేగంగా ఎక్కించాలని అందరం నేర్చుకున్నాం. చల్లబడిన చేతులు పట్టుకుని చూసిన ఏ నర్సుకైనా చెయ్యి సెలైన్ బాటిల్ మీదికే వెళుతుంది. లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన కాథరిన్ మెయిట్‌లాండ్ నాయకత్వంలో కెన్యా, ఉగాండా, టాంజానియా దేశాల్లో 3,000 మందికి పైగా పిల్లల మీద ఆ పద్ధతిని పరీక్షించారు. కొందరికి వేగంగా ద్రవాలు ఎక్కించారు, కొందరికి అలా ఎక్కించకుండా మిగతా వైద్యం అంతా చేశారు. 2011లో ఫలితం వచ్చింది. 48 గంటల్లో చనిపోయిన పిల్లలు, వేగంగా ఎక్కించిన గుంపుల్లో నూటికి పది మందికి పైనే. ఎక్కించని గుంపులో ఏడుగురికి కాస్త ఎక్కువ.

ఆ అంకెలు చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. బతికించాలనే తాపత్రయంతో మనం చేసే పనే కొందరు పిల్లల ప్రాణం తీస్తుందని ఏ అనుభవమూ చెప్పలేకపోయింది. ఎందుకంటే మంచం పక్కన నిలబడ్డ మనిషికి ఒక్కో బిడ్డే కనిపిస్తుంది. నూటికి ఏడుకీ పదికీ తేడా మన కంటికి ఆనదు. అది తెలియాలంటే వేల మందిని చేర్చుకోవాలి, ఎవరికి ఏ పద్ధతో డాక్టర్ ఇష్టానికి వదలకుండా చీటీ తీసినట్టు నిర్ణయించాలి, చివరిదాకా ఓపికగా లెక్క పెట్టాలి.

తలకు దెబ్బ తగిలినవాళ్లకు స్టెరాయిడ్లు ఇవ్వడం కూడా ఇలాంటిదే. ఏళ్ల తరబడి ఎన్నో చోట్ల ఇచ్చారు. 10,000 మందితో చేసిన క్రాష్ ట్రయల్‌లో అవి మరణాలను పెంచుతున్నాయని తేలాక మానేశారు. పక్షవాతం వచ్చినవాళ్లను 24 గంటల లోపే లేపి ఎక్కువగా నడిపిస్తే త్వరగా కోలుకుంటారని మేం గట్టిగా నమ్మేవాళ్లం. ఐదు దేశాల్లోని 56 ఆసుపత్రుల్లో చేసిన అవర్ట్ ట్రయల్ 2015లో ఆ నమ్మకాన్నీ సవరించింది. అంత తొందరగా, అంత ఎక్కువగా లేపినవాళ్లలో బాగా కోలుకున్నవారి శాతం కాస్త తగ్గింది.

మంచి వార్తలూ ఉన్నాయి, అవీ చెప్పాలి. కాన్పు తర్వాత అధిక రక్తస్రావంతో తల్లులు చనిపోకుండా ఆపగల మందులు ఎప్పటినుంచో ఉన్నాయి. కాన్పుల గదిలో రక్తం ఎంత పోయిందో కంటి అంచనాతోనే చెప్పేవాళ్లం, ఆ అంచనా తరచూ తక్కువగానే ఉండేది. చికిత్స ఆలస్యమయ్యేది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ నడిపిన ఈ-మోటివ్ ట్రయల్‌లో కొత్త మందేమీ లేదు. తల్లి కింద పరిచే ఒక ప్లాస్టిక్ షీటు, అందులోకి చేరిన రక్తం ఎంతో చూపే కొలత గీతలు, ఆ గీత దాటగానే గర్భాశయాన్ని మర్దన చేయడం నుంచి మందులు, సెలైన్ దాకా ఒక్కోటీ వరసలో ఆగి చూడకుండా అన్నీ వెంటవెంటనే చేసేయాలన్న నియమం. అంతే. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాల్లో 80 ఆసుపత్రులను తీసుకుని సగం చోట్ల ఈ పద్ధతి, సగం చోట్ల పాత పద్ధతి అమలు చేశారు. రెండు లక్షలకు పైగా కాన్పులు. 2023లో ఫలితం ప్రకటించారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్, మరణం, ఈ మూడూ కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. కాన్పుల వార్డులో పని చేసిన దాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ గీతల విలువ మాకు తెలుసు. రాత్రి డ్యూటీలో ఒక్క నర్సు ఉన్నప్పుడు "ఎక్కువగానే పోతోందేమో" అని డాక్టర్‌కి ఫోన్ చేయడం వేరు, "గీత దాటింది, రండి" అని చెప్పడం వేరు.

ఇక మా ఫోన్ల సంగతి. ఫోన్ చేస్తే మంచిదే కదా, దానికి ట్రయల్ దేనికి అని ఒక సమావేశంలో ఒక పెద్దాయన అన్నారు. 2010లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ పరిశోధకులు 1,653 మంది హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్ల ట్రయల్ ఫలితం ప్రకటించారు. పేషెంట్లు రోజూ ఫోన్ చేసి, రికార్డు చేసిన గొంతు అడిగే ప్రశ్నలకు బటన్లు నొక్కి జవాబివ్వాలి. ఏమీ ఉపయోగం కనబడలేదు. 2018లో జర్మనీలో బెర్లిన్ షారిటే ఆసుపత్రి వాళ్లు 1,500 మందికి పైగా పేషెంట్లతో మరో ట్రయల్ పూర్తి చేశారు. అక్కడా రోజూ బరువు పంపడమే. కానీ అవతల పగలూ రాత్రీ డాక్టర్లు, నర్సులు ఉన్నారు. బరువుతో పాటు బీపీ, ఈసీజీ కూడా చూస్తూ వెంటనే స్పందించారు. పేషెంట్లు ఆసుపత్రిలో గడిపిన రోజులు తగ్గాయి, మరణాలు కూడా తగ్గాయి. పైకి రెండూ ఒకే ఆలోచన. ఫలితం మాత్రం పూర్తిగా వేరు. మరి రోజంతా కాపలా ఉండేంత సిబ్బంది లేని చోట, వారానికి ఒక్కసారి మనిషి గొంతుతో ఫోన్ చేస్తే సరిపోతుందా? మాకు కావలసింది ఈ మధ్యలో ఉన్న జవాబు. దాన్నే మధ్యలో వదిలేశాం.

జనానికి భయం ఉంది, అది నాకు తెలుసు. "మా మీద ప్రయోగం చేస్తారా?" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ భయాన్ని అజ్ఞానం అనడం అన్యాయం. అమెరికాలోని టస్కిగీలో 1932 నుంచి 1972 దాకా, 40 ఏళ్లు, సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న నల్లజాతి పురుషులకు వాళ్ల జబ్బేమిటో చెప్పకుండా, దాన్ని నయం చేసే పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా చూస్తూ కూర్చున్నారు. అదీ ప్రభుత్వ ఆరోగ్య విభాగమే చేసింది. అందుకే, పరిశోధనల్లో పేషెంట్లకు అన్యాయం జరగకుండా చూడాల్సిన ఎథిక్స్ కమిటీలు నామమాత్రంగా ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. రెండు పద్ధతుల్లో ఏది మంచిదో నిజంగా తెలియనప్పుడే ట్రయల్ పెట్టాలి. వద్దన్నవాళ్లకు వైద్యంలో వీసమెత్తు తేడా రాకూడదు. ట్రయల్ వల్ల ఎవరికైనా హాని జరిగితే చికిత్స, పరిహారం వాళ్లు తిరిగి తిరిగి అడుక్కోకుండా అందాలి. ఇరవై పేజీల సమ్మతి పత్రం మా చేత చదివిస్తున్నారు. అది పేషెంట్‌ను కాపాడటానికి రాసినట్టు ఉండదు, సంస్థను కాపాడటానికి రాసినట్టు ఉంటుంది. రెండు పేజీల్లో, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో రాయించండి. నిజం చెబితే జనం ఒప్పుకుంటారు. "మాకెలాగూ ఏమైనా కానీ, తర్వాత వచ్చేవాళ్లకి పనికొస్తుంది కదా సిస్టర్" అని సంతకం పెట్టినవాళ్లు నాకు చాలామంది గుర్తున్నారు.

ప్రభుత్వం తలచుకుంటే ఇది ఎంత వేగంగా జరుగుతుందో కోవిడ్‌లో చూశాం. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ 2020 మార్చిలో రికవరీ ట్రయల్ మొదలుపెట్టింది. బ్రిటన్‌లో 175కు పైగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో, మామూలు వార్డుల్లో, రోజూ పని చేసే డాక్టర్లు నర్సులతోనే నడిపారు. వార్డు సిబ్బందికి భారం కాకుండా నింపాల్సిన వివరాలు బాగా తగ్గించారు. జూన్ 16కల్లా డెక్సామెథసోన్ అనే పాత, చవక మందు వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలను మూడో వంతు తగ్గిస్తుందని ప్రకటించారు. ఎందరో ఆశ పెట్టుకున్న హైడ్రాక్సీక్లోరోక్విన్ పనిచేయదని కూడా ఆ ట్రయలే తేల్చింది. అక్కడ ట్రయల్‌ను వైద్యానికి అడ్డుపడే పనిగా చూడలేదు, వైద్యంలో భాగంగా చూశారు.

మిమ్మల్ని అడిగేది ఇది. పేషెంట్ సంరక్షణ మీద యూనివర్సిటీలు చేసే ట్రయల్స్‌కు విడిగా నిధి పెట్టండి. ట్రయల్ పూర్తయ్యేదాకా సరిపడే మొత్తం మొదటి రోజే కేటాయించండి. ఏటేటా ఫైలు తిరిగితే ఆ మధ్యలో ఆగిపోయేది కాగితం ఒక్కటే కాదు, ఫోన్ కోసం ఎదురుచూసే మనిషి కూడా. ట్రయల్ నర్సుల పోస్టులను పర్మనెంట్ చేయండి, ఎందుకంటే పేషెంట్ నమ్మేది సంస్థను కాదు, ఎదురుగా కూర్చుని మాట్లాడిన మనిషిని. ఫలితం అనుకూలమైనా వ్యతిరేకమైనా, ఏదీ తేలకపోయినా, ప్రచురించాలని, మనుషుల మీద చేసే వైద్య పరిశోధనలకు నైతిక నియమాలు చెప్పే హెల్సింకీ ప్రకటన ఎప్పటినుంచో చెబుతోంది. అది మీ నిధుల షరతుల్లో మొదటిదిగా ఉండాలి. దానితో పాటు, పాల్గొన్న ప్రతి ఒక్కరికీ ఫలితాన్ని ఒక పేజీలో రాసి పంపాలి.

చివరగా ఒక చిన్న విన్నపం. దీనికి పెద్ద నిధి అక్కర్లేదు. ఆగిపోయిన మా ట్రయల్ రికార్డులు తాళం వేసిన ఒక అల్మారాలో అలాగే ఉన్నాయి. వాటిని లెక్క కట్టడానికి ఒక స్టాటిస్టిషియన్‌ను, ఉన్నంత సమాచారంతో ఏం తేలిందో పేషెంట్లకు రాసి పంపడానికి ఒక కోఆర్డినేటర్‌ను మూడు నెలలకు ఇప్పించండి. ఆ కోఆర్డినేటర్ పని నాకిస్తే వార్డు డ్యూటీ అయ్యాక ఉండి చేస్తాను. ఆవిడ ఇచ్చిన నోట్‌బుక్‌ను కూడా ఆ అల్మారాలోనే పెట్టాను. అట్ట మీద వాళ్ల పేరు లేదు, మేం ఇచ్చిన నంబరే ఉంది. ఇంకో పుస్తకం అడిగారు కదా, నా డబ్బుతో కొని ఇచ్చాను. ఆయన బరువు ఆవిడ ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు.

ఇట్లు,
యూనివర్సిటీ ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సు